ఆట గెలవాలంటే పాఠం రావాలా?

మూడో వంతుకు నాలుగో వంతు కలిపితే ఎంత? తెర మీద నాలుగు బుడగలు తేలుతుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో భిన్నం. సరైన బుడగను తాకితే అది పేలి నక్షత్రాలు రాలతాయి, చప్పట్లు మోగుతాయి. తప్పు బుడగను తాకితే అది కాస్త ఊగి ఊరుకుంటుంది. ఆరో తరగతి పిల్లలు ఎగబడి ఆడతారు. పీరియడ్ అయ్యేసరికి అందరి పేరు పక్కనా మూడు నక్షత్రాలు. మర్నాడు అదే లెక్క నోటుబుక్కులో ఇస్తే, చాలామంది పైవి పైవి, కిందివి కిందివి కలిపేసి ఏడింట రెండు అని రాస్తారు. నరసరావుపేట పట్నంలో చెప్పే టీచరుకైనా, గురజాల అవతల పల్లెలో చెప్పే టీచరుకైనా ఇది ఎదురయ్యే చిక్కే. ఆడినప్పుడు వచ్చిన లెక్క రాసేటప్పుడు ఎటు పోయింది?

ఎటూ పోలేదు. అసలు రాలేదు. బుడగలు నాలుగే కాబట్టి మూడుసార్లు తప్పు తాకినా నాలుగోసారి గెలుపు ఖాయం. తప్పుకు పోయేది ఏమీ లేదు. అలాంటప్పుడు క.సా.గు. కట్టుకుంటూ కూర్చోవడం కంటే గబగబా నాలుగూ తాకడమే తెలివైన పని. పిల్లవాడు ఆ తెలివే చూపించాడు. వేగంగా తాకమని ఆట అడిగింది, వాడు వేగంగా తాకడం నేర్చుకున్నాడు.

తరగతి గదిలోకి ఒక వీడియో గేమ్‌నో, యాప్‌నో, యానిమేషన్ పాఠాన్నో తెచ్చే ముందు బొమ్మలు బాగున్నాయా, పిల్లలకు నచ్చిందా అని చూడటం అందరూ చేసేదే. వాటికన్నా ముందు చూడాల్సింది వేరే ఉంది. గెలవడానికి ఆ బిడ్డ బుర్రలో ఏ పని జరగాలి? మనం నేర్పదలుచుకున్న పనీ, ఆ పనీ ఒకటేనా? ఈ ఒక్క ప్రశ్నను గట్టిగా పట్టుకుంటే మిగతావి చాలావరకు తేలిపోతాయి.

యంత్రం ఒకటే, ఫలితాలు రెండు

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. టీచర్లకు ఇచ్చినవి కూడా కలిపి రాష్ట్రమంతటా 5,18,740 ట్యాబ్‌లు. నెట్ లేకున్నా నడిచేలా బైజూస్ కంపెనీ పాఠాలను వాటిలో ముందే ఎక్కించి ఇచ్చారు. బళ్లను బాగుచేసే నాడు–నేడు పథకం కింద హైస్కూలు గదులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు ఒక రకంగా ఇవన్నీ తోబుట్టువులు. ఏ ట్యాబ్, ఎవరి పాఠాలు అన్నది పైన నిర్ణయమైంది. మాచర్లలో పాఠం చెప్పే టీచరును ఎవరూ అడగలేదు. ఇప్పుడు తెర ఉంది, దాని మీద ఏం వేయాలన్నది మాత్రం రోజూ ఆ టీచరు తేల్చుకోవాల్సిందే. ప్రభుత్వ దీక్ష పోర్టల్‌లో ఉన్నదా, యూట్యూబ్‌లో దొరికిందా, పక్క బడి టీచరు వాట్సాప్‌లో పంపిందా?

యంత్రాన్ని ఇవ్వడంతోనే చదువు రాదని పెరూ దేశం చూపించింది. అక్కడ బిడ్డకో ల్యాప్‌టాప్ చొప్పున ఇచ్చిన పథకాన్ని 319 బళ్లలో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. కంప్యూటర్ వాడకం బాగా పెరిగింది. లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం కదల్లేదు.

అంతకంటే ఆసక్తికరమైనది మన దేశంలోనే గుజరాత్‌లో జరిగింది. వడోదరలో ప్రభుత్వం ఇచ్చిన కంప్యూటర్లు చాలా బళ్లలో ఊరికే పడి ఉండేవి. ప్రథమ్ సంస్థ వాటిలో లెక్కల ఆటలు పెట్టి నాలుగో తరగతి పిల్లలను, కంప్యూటరుకు ఇద్దరు చొప్పున, వారానికి రెండు గంటలు ఆడించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు ఆ బళ్లను ఆటలు లేని బళ్లతో పోల్చి చూసి 2007లో ప్రచురించారు. లెక్కల్లో పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఆటలు ఆపేసిన ఏడాదికి ఆ లాభంలో చాలాభాగం కరిగిపోయింది కూడా.

అదే రాష్ట్రంలో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త 2, 3 తరగతుల పిల్లల మీద ఇంకో పరీక్ష పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఒకటే. కొన్నిచోట్ల బడి వేళలో టీచరు పాఠానికి బదులుగా దాన్ని పెట్టారు. మరికొన్నిచోట్ల బడి అయ్యాక అదనంగా పెట్టారు. అదనంగా ఆడినవాళ్లు బాగుపడ్డారు. పాఠానికి బదులు ఆడినవాళ్లు వెనకబడ్డారు. ఆ బళ్లలో టీచరు చెప్పే పాఠం అప్పటికే బాగుంది, దాన్ని తీసేసి పెట్టింది అంత బాగా లేదు.

ఒక యాప్‌ను ఒంటరిగా చూసి మంచిదనో చెడ్డదనో చెప్పలేకపోవడానికి కారణం ఇదే. అది దేని చోటులో కూర్చుంటుందో కూడా చూడాలి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో ప్యానెల్ వెలగడానికి, సౌండు కుదరడానికి, పిల్లలు సర్దుకోవడానికి పోయే సమయాన్ని కూడా లెక్కలో వేయాలి. రెంటచింతల ఎండల్లో మధ్యాహ్నం కరెంటు పోతే ఆ పీరియడ్ మొత్తం పోయినట్టే. ఆ సమయంలో నల్లబల్ల మీద ఎన్ని లెక్కలు అయ్యేవో, అదీ ఆటకు కట్టిన ధరే.

బాక్స్: అరుగు మీద నలుగురు

చదివేటప్పుడు, లెక్క చేసేటప్పుడు అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకాన్ని శాస్త్రవేత్తలు వర్కింగ్ మెమరీ అంటారు. దాన్ని ఇంటి ముందు చిన్న అరుగు అనుకోండి. ఒకసారికి నలుగురే పడతారు. అయిదోవాడు వచ్చి కూర్చుంటే ఉన్నవాళ్లలో ఒకడు లేచిపోవాలి. కొత్త సంగతులు నాలుగైదుకు మించి ఒకేసారి మనసులో నిలవవని ప్రయోగాలు చెబుతున్నాయి. భిన్నాల కూడికలో రెండు హారాలు, వాటి క.సా.గు., మారిన లవాలు ఎక్కేసరికే అరుగు నిండింది. అప్పుడు తెర మీద గంతులేసే కోతి, తరిగిపోయే టైమరు, మోగే పాట వచ్చి కూర్చుంటే లేచిపోయేది క.సా.గు. బాగా వంటబట్టిన ఎక్కాలు అరుగు మీద చోటు అడగవు. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లవాడికి భిన్నాలు సులువు కావడానికి ఇదే కారణం.

కథ ఎక్కువైతే

2012లో అమెరికాలో రిచర్డ్ మేయర్ బృందం ఒక పరీక్ష చేసింది. ‘కేష్ 17’ అనే ఆటలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకరులో పోయిన చిత్రాలను వెతకాలి. తలుపులు తెరవడానికి బ్యాటరీ లాంటి పరికరాలు తయారు చేసుకోవాలి. బ్యాటరీ ఎలా పని చేస్తుందో ఆట మధ్యలోనే చెబుతారు. కొందరికి ఈ ఆట ఇచ్చారు, ఇంకొందరికి అవే విషయాలను మామూలు స్లైడ్లుగా చూపించారు. తర్వాత పరీక్ష పెడితే స్లైడ్లు చూసినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు, అదీ తక్కువ సమయంలో. ఆడినవాళ్ల అరుగును బంకరు, దారులు, వెతుకులాట ఆక్రమించేశాయి.

ఆటలు పనికిరావని దీని అర్థం అనుకోకూడదు. బ్రిటన్‌లో జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ 2011లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ‘జాంబీ డివిజన్’ అనే ఆటలో అస్థిపంజరాలు ఎదురొస్తాయి. ఒక్కోదాని ఛాతీ మీద ఒక సంఖ్య ఉంటుంది. పిల్లవాడి చేతిలో ఉన్న ఆయుధాలు కూడా సంఖ్యలే. 18 ఎదురొస్తే దాన్ని శేషం లేకుండా భాగించే ఆయుధంతో కొట్టాలి. 2తో కొడితే కూలుతుంది, 5తో కొడితే అది తిరిగి కొడుతుంది. ఇదే ఆటకు పరిశోధకులు ఇంకో రూపం కూడా చేశారు. అందులో పోరాటంలో లెక్కలు ఉండవు, ఒక మజిలీ అయ్యాక ఆ భాగహారాలే క్విజ్‌గా వస్తాయి. ప్రశ్నలు అవే, బొమ్మలు అవే. పోరాటంలోనే భాగహారం చేసిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. ఇష్టమొచ్చినంత సేపు ఆడుకోమని వదిలేస్తే ఈ మొదటి రూపం దగ్గర దాదాపు ఏడు రెట్ల సమయం గడిపారు.

మార్కెట్లో దొరికే చదువుల ఆటల్లో ఎక్కువ భాగం రెండో రూపానివే. కాసేపు పరుగు, ఒక ప్రశ్న, మళ్లీ పరుగు. పరుగు కోసం ప్రశ్నను భరించాల్సిన అడ్డంకిగా చూడటం అలవాటైతే, లెక్కల మీద ఇష్టం పెంచుతున్నామని మనం అనుకుంటున్నది తలకిందులవుతుంది. నాకు ఇలాంటి ఆటల మీద ఉన్న ప్రధాన అభ్యంతరం ఇదే.

వైకుంఠపాళిని ఫోన్ పాడుచేసిన తీరు

రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో బడికి ఇంకా వెళ్లని చిన్నపిల్లల చేత పాములు, నిచ్చెనలు లేని ఒక సాదా పరుగు ఆట ఆడించారు. ఒకే వరుసలో పది గళ్లు, వాటిలో 1 నుంచి 10 అంకెలు. పేదింటి పిల్లలు రెండు వారాల్లో పదిహేను నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడేసరికి ఏ సంఖ్య పెద్దది, ఏది ఎంత దూరంలో ఉంటుంది అన్న ఊహ మెరుగుపడింది. అదే ఆటను అంకెలకు బదులు రంగులతో ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు.

2014లో సీగ్లర్, ఎలిడా లాస్కీ వంద గళ్ల పలకతో ఇంకో మెట్టు ఎక్కారు. పావు 47 మీద ఉండి 3 పడితే, కొందరిని “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెట్టమన్నారు. ఇంకొందరిని గడిలో ఉన్న అంకెనే పలుకుతూ “నలభై ఎనిమిది, నలభై తొమ్మిది, యాభై” అనమన్నారు. సంఖ్యల ఊహ మెరుగుపడింది రెండోవాళ్లలోనే. ఆట మారలేదు, పలక మారలేదు. నోట పలికింది మారితే మనసుకు ఎక్కింది మారింది.

ఇప్పుడు ఫోన్‌లో వైకుంఠపాళి తీయండి. పాచిక మీద వేలు పెడితే చాలు, పావు తనంతట తానే గళ్లు దాటి వెళ్లి కూర్చుంటుంది. లెక్కపెట్టేది ఫోను, చూసేది పిల్లవాడు. చదువు ఉన్న ఆ ఒక్క మెట్టునూ సౌకర్యం పేరుతో తీసేశారు. అంగన్‌వాడీలో నేల మీద సుద్దతో గీసి, చింతగింజలతో ఆడించే ఆట ఈ విషయంలో ఖరీదైన యాప్ కంటే మేలు. పలికే తీరు ఒక్కటి మార్పిస్తే చాలు.

తెర తప్ప మరేదీ చూపలేనివి

మరి తెర ఎప్పుడు కావాలి? కంటికి కనపడనిది కనపడాల్సి వచ్చినప్పుడు. బ్యాటరీ, బల్బు, రెండు తీగలు ఇచ్చి వలయం కట్టమంటే పిల్లలు కడతారు, బల్బు వెలుగుతుంది. కానీ చాలామంది మనసులో ఉండే బొమ్మ వేరు. బ్యాటరీ నుంచి కరెంటు బయలుదేరి బల్బులో సగం ఖర్చయిపోతుందనీ, తిరిగి వచ్చే తీగలో తక్కువ ఉంటుందనీ నమ్ముతారు. బల్బు ఎంత వెలిగినా ఆ నమ్మకం చెక్కుచెదరదు, ఎందుకంటే తీగలో ఏం జరుగుతోందో కంటికి కనపడదు.

భౌతికశాస్త్రంలో 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ మర్నాటి ఏడు కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనే కంప్యూటర్ నమూనాల్లో వలయాలు కట్టేది ఒకటి ఉంది. తీగలు లాగి కలపగానే లోపల నీలం గుండ్లు కదులుతాయి. బల్బుకు ముందు ఎంత వేగమో, దాటాక కూడా అంతే. అక్కడో అమ్మీటరు, ఇక్కడో అమ్మీటరు పెడితే రెండూ ఒకే అంకె చూపుతాయి. వరుసలో ఇంకో బల్బు కలిపితే ఆ ఒక్కచోటే కాదు, వలయం మొత్తంలో గుండ్లు నెమ్మదిస్తాయి. తీగతో బ్యాటరీ రెండు కొసలనూ నేరుగా కలిపేస్తే మంటలు లేస్తాయి, ఎవరి వేలూ కాలదు. కొలరాడోలో 2005లో చేసిన అధ్యయనంలో ఈ నమూనాతో ప్రయోగశాల తరగతి గడిపిన విద్యార్థులు, నిజమైన తీగలతో గడిపినవాళ్ల కంటే భావనలను బాగా పట్టుకున్నారు. ఆ తర్వాత నిజమైన వలయం కట్టి వివరించమన్నా వాళ్లే మెరుగ్గా చేశారు. ఈ నమూనాలు ఉచితం, దించుకుంటే నెట్ అక్కర్లేదు, చాలావాటికి తెలుగు రూపం ఉంది. ఎలక్ట్రాన్లు నిజంగా నీలం గుండ్లలా ఉండవని మాత్రం టీచరు చెప్పి తీరాలి.

పల్నాడు పిల్లలకు దగ్గరి ఉదాహరణ నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ నాగార్జునసాగర్ జలాశయం కింద ఉంది. మాచర్ల వైపు నుంచి విజయపురి సౌత్ చేరి, లాంచీ ఎక్కి దీవి మీది మ్యూజియానికి వెళ్లినా, ఆ లోయను అది ఉన్నట్టుగా చూడలేం. 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల ఫొటోలతో, పటాలతో లోయలో నడిపించే డిజిటల్ పాఠం చేస్తే, అది ఏ విహారయాత్రా ఇవ్వలేనిది ఇస్తుంది. అదే సున్నపురాయి మీద యానిమేషన్ పిడుగురాళ్ల బడిలో ఎందుకు? రాయి ముక్క తెచ్చి నిమ్మరసం పిండితే బుడగలు చేతిలోనే కనపడతాయి. పత్తి పువ్వు తొలిరోజు లేతరంగులో ఉండి మర్నాటికి గులాబి రంగుకు తిరగడం చూడటానికి ట్యాబ్ అక్కర్లేదు, బడి గోడ దాటితే చాలు.

నేర్చింది బడి లెక్కను చేరుతుందా

ఢిల్లీలో 214 ప్రీస్కూళ్లలో 1,540 మంది పిల్లలతో డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కే బృందం చేసిన ప్రయోగం 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. నాలుగు నెలలు సంఖ్యల, ఆకారాల ఆటలు ఆడించారు. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువో పోల్చడం లాంటి నేర్పు పెరిగి ఏడాది దాటినా నిలిచింది. కానీ ఒకటో తరగతిలో అంకెలతో చేసే లెక్కలకు ఆ లాభం చేరలేదు. ఆటలో పెరిగిన నేర్పుకు, పలక మీది గుర్తులకు మధ్య వంతెన ఎవరూ కట్టలేదు. చుక్కల ఆట అయిన వెంటనే ఆ చుక్కలనే అంకెలుగా రాయించే పని టీచరుదే, ఆట ఎంత మంచిదైనా దానంతటది చేయదు.

మన దగ్గర ఇంకో వంతెన కూడా కావాలి. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురుగా తెలుగు. చాలా యాప్‌లు మాత్రం ఇంగ్లిషులోనే మాట్లాడతాయి. సూచన చదివి అర్థం చేసుకోవడానికే అరుగు మీద రెండు చోట్లు పోతే లెక్కకు మిగిలేది ఎంత? ఓడిపోయిన పిల్లవాడు లెక్కలో ఓడాడా, భాషలో ఓడాడా అన్నది ఆట చెప్పదు. తెలుగులో ఉన్నవాటికి వేరే జబ్బు ఉంది. పల్నాటి బిడ్డ ఇంట్లోనూ బడిలోనూ ఎన్నడూ వినని మాటలతో, యంత్రం చదివినట్టు సాగే గొంతులు. ఆడించేముందు టీచరు అయిదు నిమిషాలు వింటే ఇది బయటపడుతుంది.

ట్యాబ్ నిజంగా బలం చూపేచోటు ఒకటుంది. ఒకే తరగతిలో ఒకరికి కూడిక రాదు, ఇంకొకరు భిన్నాలు దాటేశారు. ఎవరి మెట్టు దగ్గర వారికి ప్రశ్న ఇవ్వడం ఒక్క టీచరు వల్ల అయ్యే పని కాదు. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు కలిసి ఢిల్లీలో 619 మంది విద్యార్థుల మధ్య లాటరీ వేసి ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి 2019లో ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో కనిపెట్టి అక్కడి నుంచే నడిపించిన ఆ సాఫ్ట్‌వేర్, నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ మంచి మార్పు తెచ్చింది. అది బడి అయ్యాక నడిచింది, సగం సమయం ఒక సహాయకుడు చిన్న గుంపుకు పాఠం చెప్పేవాడు. అందరికీ ఒకే వీడియో చూపించే ట్యాబ్‌కు దీన్ని రుజువుగా చూపడం సరికాదు.

ఒక సాయంత్రం పని

2023లో యునెస్కో విడుదల చేసిన నివేదిక ప్రకారం, అమెరికాలోని 17 రాష్ట్రాల్లో అడిగితే, ఇలాంటి ఉత్పత్తులను బడికి తీసుకునే ముందు పరిశోధనా రుజువు అడిగిన టీచర్లు, అధికారులు 11 శాతమే. రుజువు పైనుంచి వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. టీచరే ఇంట్లో కూర్చుని ఆట ఆడి చూడొచ్చు. మొదట ప్రశ్నలు చదవకుండా, ఇష్టమొచ్చినట్టు నొక్కుతూ గెలవగలరేమో చూడాలి. గెలిస్తే పిల్లలూ అలాగే గెలుస్తారు. తర్వాత కావాలని తప్పులు చేయాలి, అదీ పిల్లలు చేసే తప్పులే. ఏడింట రెండు అని కొడితే ఆట ఏమంటుంది? ఎర్రగా వెలిగి ఊరుకుంటుందా, హారాలు ఎందుకు కలపకూడదో చూపిస్తుందా? తప్పు దగ్గర ఆట చేసే పనిలోనే దాన్ని తయారుచేసినవారికి పిల్లల గురించి ఎంత తెలుసో బయటపడుతుంది.

బడిలో ఆడించేటప్పుడు తెరను కాసేపు వదిలి పిల్లల మొహాలు చూడాలి. నలభై మందికి ఒక ప్యానెల్ ఉంటే తాకేది నలుగురే. మిగతావాళ్ల చేత పలక మీద జవాబు ముందే రాయించకపోతే వాళ్లకు అది సినిమా. అబ్బాయిలే ముందుకు తోసుకొస్తున్నారా అన్నదీ చూడాల్సిందే. ఆడకముందు అయిదు లెక్కలు, మర్నాడు అలాంటివే అయిదు, రెండు వారాలకు ఇంకో అయిదు కాగితం మీద ఇవ్వాలి. రెండు సెక్షన్లు ఉన్నచోట ఒకదానికి ఆట, ఇంకోదానికి అంతే సమయం నల్లబల్ల మీద అభ్యాసం పెట్టి పోల్చితే ఇంకా మంచిది. కొత్త వస్తువు మోజు మొదటి వారంలో అన్నిటినీ బాగున్నట్టే చూపిస్తుంది కాబట్టి ఆ రెండు వారాల పరీక్షను వదలకూడదు.

పిల్లల వివరాల సంగతి వేరు. పేరు, ఫోను నంబరు, ఉన్న చోటు అడిగే యాప్‌లను బడి గడప దాటనివ్వకపోవడమే మేలు. కరోనా కాలంలో 49 దేశాల్లో వాడిన 160కి పైగా చదువు యాప్‌లను, వెబ్‌సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలిస్తే, దాదాపు 89 శాతం పిల్లల మీద నిఘాకు వీలున్నవే. మన 2023 డిజిటల్ డేటా చట్టం పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. కంపెనీ ఉంటుందా, పోతుందా అన్నదీ చూసుకోవాలి. ట్యాబ్‌లు పంచిన రెండేళ్లు తిరక్కుండానే, 2024 జూలైలో, బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. దించుకుని దాచుకోగలిగిన పాఠానికి ఆ భయం లేదు.

స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు వచ్చే టీచర్లు తలా ఒక కాగితం తెస్తే చాలు. ఏ తరగతికి, ఏ పాఠానికి, ఏ ఆట వాడారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ముందు అయిదింటికి ఎన్ని వచ్చాయి, రెండు వారాల తర్వాత ఎన్ని వచ్చాయి, పిల్లలు దొంగదారిన ఎలా గెలిచారు. కారంపూడి టీచరు రాసిన కాగితం దుర్గి టీచరుకు ఏ కంపెనీ ప్రకటన కంటే ఎక్కువ పనికొస్తుంది. వచ్చే జూన్‌లో బళ్లు తెరిచేసరికి భిన్నాలకు ఒకటి, విద్యుత్తుకు ఒకటి పరీక్షించి పెట్టుకున్నా ఆరంభానికి సరిపోతుంది.